తెర కన్నా ముందు రికార్డు

పాటతో పేరు తెచ్చుకుని ఆ పేరుతోనే నటి కావడం ఈ కాలపు విశేషంగా చెప్పుకుంటున్నాం గానీ, తెలుగు టాకీకి తొలి పదేళ్లలో అదే రాచబాట. 1932లో 'భక్త ప్రహ్లాద' వచ్చేనాటికి కెమెరా ముందు నిలబడ్డ మనిషే పాడాలి. రూపం ఎంత ఉన్నా గొంతు లేకపోతే వేషం కష్టం. పాడగలవాళ్ల కోసం నిర్మాతలు ఊరూరా గాలించే పని లేకుండా, నాటక సమాజాలూ గ్రామఫోను కంపెనీలూ ముందే ఏరి పెట్టాయి.

రావు బాలసరస్వతి జీవితంలో ఈ బాట మొదలూ కనిపిస్తుంది, చివరా కనిపిస్తుంది. 1928లో వెంకటగిరిలో పుట్టిన ఆమె ఆరేళ్ల వయసుకే రికార్డు ఇచ్చారు. 1936లో చిత్తజల్లు పుల్లయ్య పిల్లలతో తీసిన 'సతీ అనసూయ'లో గంగ వేషం వేశారు. 1940లో గూడవల్లి రామబ్రహ్మం 'ఇల్లాలు'లో సాలూరు రాజేశ్వరరావుతో పాటు నటించారు. ఆ రాజేశ్వరరావు కూడా పసితనంలో రికార్డులకు పాడి, 'శ్రీకృష్ణ లీలలు'లో కృష్ణుడిగా తెరకెక్కినవారే. ఈ ఇద్దరూ కలిసి పాడిన 'కోపమేల రాధా' లాంటి ప్రైవేటు పాటలకు సినిమాతో పని లేదు. రికార్డుకు ఒక వైపు పట్టే మూడు నిమిషాల్లో ఒదిగి, కచేరీ పాండిత్యం అక్కర్లేకుండా ఎవరైనా కూనిరాగం తీసుకోగలిగేవి. నేటి లెక్కన పాప్ పాటలే.

1943లో 'భాగ్యలక్ష్మి'లో 'తిన్నెమీద సిన్నోడ' అనే పాటకు తెర మీద కనిపించింది కమలా కోట్నీస్, వినిపించింది బాలసరస్వతి. తెలుగులో నేపథ్య గానానికి ఇదే నాంది అంటారు. గొంతు ఒకరిది, రూపం మరొకరిది కావచ్చని తేలాక గాయనిని నటిగా తీసుకోవలసిన అగత్యం నిర్మాతకు తప్పింది. తనను తెరకెక్కించిన దారి మూసుకుపోవడానికి ఆమె గొంతే సాయపడింది!

భానుమతి ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు తన పాటలు తానే పాడుకోలేదా అని ఎవరైనా అడగవచ్చు. పాడుకున్నారు. కానీ ఆమె వెనక సొంత సంస్థ భరణి ఉంది. 'సతీ అనసూయ'లోనే నటించిన కృష్ణవేణికి శోభనాచల స్టూడియో అండ ఉంది. తన పాట తానే పాడతానని పట్టుబట్టాలంటే గొంతుతో పాటు అంతటి పలుకుబడి కూడా కావలసివచ్చింది. అది అందరికీ ఉండేది కాదు.

బాలసరస్వతిని తెరకు దూరం చేసింది పెళ్లే గదా, నేపథ్య గానం తెచ్చిన యంత్రం మీద నింద ఎందుకు అన్నది ఇంకా గట్టి ప్రశ్న. 1944లో ఆమె కోలంక జమీందారును పెళ్లాడారు, పరదా ఉన్న ఇంటికి వెళ్లారు. నిజమే. అయితే నటనతో పాటు పాట కూడా అప్పుడే ఆగి ఉంటే ఆ వాదన చెల్లేది. పాట ఇంకొన్నేళ్లు సాగింది. 1953 'దేవదాసు'లో 'ఇంత తెలిసియుండి' పాడింది ఆమే. ముఖం చూపకుండా పాడే వీలు నేపథ్య గానం వల్లనే వచ్చింది. నటికి తలుపు మూసిన యంత్రం జమీందారీ ఇంటి ఇల్లాలికి మాత్రం కిటికీ తెరిచింది. ఆ కిటికీని కూడా ఇంట్లోవాళ్లు చివరికి మూయించారు.