సాముదాయిక బలము: రైల్వే దళమును త్రాడులాగు పందెమును

1887లో స్థాపింపబడిన బెంగాలు–నాగపూరు రైల్వే కంపెనీ, నాగపూరు–ఛత్తీస్‌గఢ్ మీటరుగేజి మార్గమును గైకొని, దానిని బ్రాడుగేజిగా మార్చి, 1891 నాటికి ఆసన్‌సోలు వఱకు పొడిగింపగా, నడుమనున్న బిలాస్‌పూరు రైల్వేపట్టణమై వెలసెను. ఆ కంపెనీయే 1888లో తన యుద్యోగులతో ఒక వాలంటీరు రైఫిల్ దళమును నెలకొల్పినది. అది 1920లో సహాయక సైన్యమగు ఆగ్జిలరీ ఫోర్సున చేరి, 1947తో ముగిసినది.

ఆ దళము వెలసిన కాలపు బ్రిటిషు సైన్యముల క్రీడాదినములలో త్రాడులాగు పందెమునకు గౌరవస్థానముండెను. 1900 మొదలు 1920 వఱకు ఒలింపిక్సునందును అది సాగినది. చూచువారు భుజబలమే ప్రధానమని తలంతురు. అది భ్రమ. చేతులు వంపక చాచి త్రాడును కొక్కెములవలె పట్టియుంచవలెనే గాని, లాగవలసినవి కాళ్లు. దేహమును వెనుకకు వాల్చి, మడమలు నేలలో నాటి, ఎనిమిదిమందియు ఒక్కక్షణమున ఒక్కయడుగు వేయవలెను. కడపటివాడు త్రాటిని చంకక్రిందుగా తెచ్చి, వీపుమీదుగా భుజముపైకి వేసికొని, స్థాణువై నిలుచును. ప్రత్యర్థులు అలయు వఱకు కదలక ఓర్చుటకును, వారు సడలినంతనే శిక్షకుని సైగపై విజృంభించుటకును చిరకాల సాధన కావలెను. ఫ్రెంచి వ్యవసాయ శాస్త్రజ్ఞుడు రింగెల్మాన్ మనుష్యులచే త్రాడు లాగించి కొలిచి, 1913లో ప్రకటించిన ఫలితములనుబట్టి, ఎనిమిదిమంది కలిసినపుడు ఒక్కొక్కని వంతు అతని యొంటరి బలములో ఇంచుమించు సగమునకు దిగిపోవును. శిక్షణ యంతయు ఆ పోయిన సగమును రాబట్టుకొను యత్నమే.

ఆ విద్యను పట్టాలమీద నేర్చినవారు మన తెలుగువారు. వాల్తేరు మార్గము 1902లో ఆ కంపెనీ వశమగుటచేతను, 1931లో విజయనగరము–రాయపూరు దారి పూర్తియగుటచేతను, విశాఖ, శ్రీకాకుళ ప్రాంతముల కుటుంబములు పెక్కు బిలాస్‌పూరు చేరి రైల్వేకొలువున కుదురుకొనినవి. గజమునకు 90 పౌండ్ల తూకము గల పట్టా, 13 మీటర్ల పొడవున, దాదాపు 580 కిలోలుండును. గ్యాంగుమనుషులు మేస్త్రీ కేకకు హైలెస్సా యని బదులిచ్చుచు, దానిని ఒక్కపట్టున లేపి ఒక్కపట్టున దింపెడివారు; ఒకడు ముందుగా వదలెనా, ప్రక్కవాని పాదము నలిగెడిది. పందెమున తప్పటడుగు వేసినవానికి ఓటమియే శిక్ష. ఇచట తోడివాని కాలే పోయెడిది.

ఇట్టి సాధన గలవారికి ఆ రైల్వే దళమున చోటు లేకపోయెను. ఆగ్జిలరీ ఫోర్సునందు యూరోపియనులకును ఆంగ్లో ఇండియనులకును మాత్రమే ప్రవేశముండెను. దీనిని తలచినపుడెల్ల నాకు మనసు కలుక్కుమనును. 1949 అక్టోబరు 9న గవర్నరు జనరలు రాజగోపాలాచారిగారు టెరిటోరియల్ ఆర్మీని ప్రారంభించి, అందు రైల్వే దళములును ఏర్పడిన పిమ్మటనే, రైల్వే పనివారికి జాతిభేదము లేక సైనికశిక్షణ లభించినది.

చేతులతో పట్టాలు లేపిన పెద్దలు మన యిండ్లలో ఇంకను కొందఱుందురు. వారి పనిపద్ధతిని, వారి కేకలను, వారు జీవించియుండగనే చదువరులు వ్రాసి భద్రపఱుపవలెనని నా ప్రార్థన.