క్రైస్తవ విశ్వాసంలో వెలుగు: గ్రంథంలో, గుడిలో, మన తెలుగు మాటల్లో

బెంగళూరులో రెండు మూడు తరాలుగా స్థిరపడిన తెలుగువారిలో అన్ని మతాలవారూ ఇరుగుపొరుగుగా కాపురాలు చేస్తున్నారు. దీపావళికి ఒక ఇంటి గడప మీద ప్రమిదలు, డిసెంబరులో పక్కింటి వాకిట్లో నక్షత్రం వెలగడం మనకు అలవాటే. అయితే "చర్చిలో క్రొవ్వొత్తి ఎందుకు వెలిగిస్తారు?" అని పిల్లలు అడిగితే క్రైస్తవ కుటుంబాల్లో కూడా చాలామంది పెద్దలు తడుముకుంటున్నారు. ఇంగ్లీషు మీడియం పిల్లలకు తెలుగు బైబిలు చదవడం రాదు. అందుకే తెలిసిన విషయాలను ఒకచోట చేర్చి పాఠకుల ముందు పెడుతున్నాము.

బైబిలు ఏమి చెబుతుంది?

ఆదికాండం మొదటి అధ్యాయంలో దేవుడు మొదటి రోజున వెలుగును కలుగజేస్తాడు. సూర్యచంద్రులు వచ్చేది నాలుగో రోజున. అంటే వెలుగుకు మూలం సూర్యుడు కాదు, దేవుడే అన్నది అక్కడి భావం. నిర్గమకాండంలో మోషేకు మండుతున్న పొదలో దేవుడు ప్రత్యక్షమౌతాడు. పొద మండుతుంది గాని కాలిపోదు. ఐగుప్తు నుంచి బయలుదేరిన ప్రజలకు పగలు మేఘస్తంభం, రాత్రి అగ్నిస్తంభం దారి చూపుతాయి. ప్రత్యక్ష గుడారంలో ఏడు దీపాల దీపవృక్షం ఉండేది. దానికి దంచి తీసిన స్వచ్ఛమైన ఒలీవ నూనె వాడాలని నియమం.

కొత్త నిబంధనలో యేసు తానే లోకానికి వెలుగునని చెబుతాడు (యోహాను 8వ అధ్యాయం). అదే మాటను తన శిష్యులకూ వర్తింపజేస్తాడు (మత్తయి 5వ అధ్యాయం). దమస్కు దారిలో సౌలు ఆకాశం నుంచి వచ్చిన వెలుగుకు నేలమీద పడిపోతాడు. చివరిదైన ప్రకటన గ్రంథంలో, రాబోయే పట్టణానికి సూర్యుడి అవసరమే ఉండదు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. దేవుడు ఎప్పుడూ వెలుగులోనే కనబడతాడని బైబిలు చెప్పదు. సీనాయి కొండ దగ్గర మోషే గాఢాంధకారంలోకి నడిచి దేవుణ్ణి సమీపిస్తాడు. ఏలీయా కథలో దేవుడు అగ్నిలో లేడు. ఆ తర్వాత మెల్లని స్వరం వినిపిస్తుంది. కాబట్టి వెలుగు దేవుడికి గుర్తు మాత్రమే. క్రైస్తవులు జ్వాలను పూజించరు. ఇంట్లో కష్టం వచ్చి అంతా చీకటిగా తోచినప్పుడు దేవుడు విడిచిపెట్టాడని అనుకోనక్కరలేదని పెద్దలు చెప్పే మాటకు ఆధారం ఇదే.

క్రీ.శ. 325లో నికయా సభలో రూపొందిన విశ్వాస ప్రమాణం కుమారుణ్ణి, వెలుగు నుంచి వచ్చిన వెలుగుగా వర్ణిస్తుంది. ఒక దీపంతో మరో దీపం వెలిగిస్తే మొదటిది తరగదు కదా. ఈ పోలికను తొలినాటి క్రైస్తవ గురువులూ వాడారు.

ఆరాధనలో వెలుగు

కథోలిక దేవాలయాల్లో దివ్యసత్ప్రసాదం ఉంచే పేటిక దగ్గర ఒక చిన్న దీపం, చాలాచోట్ల ఎర్రటిది, నిత్యం వెలుగుతుంది. ఫిబ్రవరి 2న క్రొవ్వొత్తులను ఆశీర్వదిస్తారు. శిశువైన యేసును దేవాలయంలో చూసి వృద్ధుడైన సుమెయోను ఆయనను అన్యజనులకు వెలుగని పలికిన సందర్భం అది. ఈస్టర్ ముందురాత్రి దేవాలయం బయట కొత్త నిప్పు రాజేసి, దానితో పెద్ద పాస్కా క్రొవ్వొత్తిని వెలిగిస్తారు. దాని మీద సిలువ, గ్రీకు అక్షరమాలలోని మొదటి, చివరి అక్షరాలు, ఆ సంవత్సరపు అంకెలు ఉంటాయి. చీకటి గుడిలోకి దాన్ని తీసుకువచ్చి, అందరి చేతుల్లోని వత్తులనూ దానితోనే వెలిగిస్తారు. బాప్తిస్మం రోజున బిడ్డ తరఫున వెలిగించే వత్తికి నిప్పు ఆ పాస్కా క్రొవ్వొత్తి నుంచే. అంత్యక్రియల్లో శవపేటిక దగ్గర నిలిపేదీ పాస్కా క్రొవ్వొత్తినే.

బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాల్లో ఈ పద్ధతులు చాలావరకు లేవు. వారికి వాక్యమే దీపం. ఇందులో ఎవరిది తక్కువ, ఎవరిది ఎక్కువ అనే వాదన మనకు వద్దు. ఒకే ఇంట్లో రెండు సంఘాలవారు వియ్యమందుతున్న రోజులివి.

మన చుట్టూ

బెంగళూరు శివాజీనగర్‌లోని సెయింట్ మేరీస్ బసిలికాలో సెప్టెంబరు 8న జరిగే మేరీమాత పండుగకు, వివేక్‌నగర్ బాలయేసు దేవాలయానికి గురువారాల్లో, మతంతో పనిలేకుండా జనం వచ్చి క్రొవ్వొత్తులు వెలిగిస్తారు. విజయవాడ గుణదలలో ఫిబ్రవరి 11 ఉత్సవంలోనూ ఇదే దృశ్యం. నవంబరు 2న సమాధుల దగ్గర వత్తులు వెలిగించి పోయినవారిని తలుచుకోవడం మనవారు ఈ ఊళ్లోనూ మానలేదు.

వెలుగు అర్థాన్ని రాతిలోనూ గాజులోనూ చూడాలంటే మెదక్ వెళ్లాలి. చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారు కరువు రోజుల్లో జనానికి పనీ తిండీ చూపిస్తూ కట్టించిన ఆ సి.ఎస్.ఐ. కెథడ్రల్‌ను 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. గోపురం ఎత్తు సుమారు 175 అడుగులు. యేసు జననం, సిలువ, ఆరోహణం చూపే మూడు పెద్ద రంగుగాజు కిటికీలు అందులో ఉన్నాయి. పగలు బయటి వెలుతురు పడితేనే లోపలివారికి ఆ బొమ్మలు కనబడతాయి. పొద్దు గూకాక లోపల ఎన్ని దీపాలు పెట్టినా కనబడవు. గాజుకు సొంత వెలుగు లేదు. మనిషి సంగతీ అంతేనని మెదక్ చూసివచ్చినవారు చెబుతుంటారు.

మాటలు పోకూడదు

తెలుగు బైబిలు ఈ విషయంలో మనకిచ్చిన మాటల సంపద గొప్పది. వెలుగు వేరు, ఆకాశంలోని జ్యోతులు వేరు, దీపం వేరు. దీపాన్ని కుంచం కింద పెట్టరని యేసు చెప్పిన పోలికలో కుంచం అంటే ధాన్యం కొలిచే పాత్ర. పదిమంది కన్యకల ఉపమానంలో వారి చేతుల్లో దివిటీలు, నూనెకు సిద్దెలు. కుంచం, సిద్దె చూసిన తరం మనతో ముగిసిపోతోంది. మాట తెలియకపోతే పోలిక తెలియదు. పోలిక తెలియకపోతే పిల్లలకు ఆ వచనం వట్టి శబ్దమే.

అందుచేత మా విన్నపం ఒక్కటే. ఈ క్రిస్మస్‌కు నక్షత్రం కట్టేటప్పుడు బీరువా మీది తెలుగు బైబిలు దించండి. మత్తయి 5, 25 అధ్యాయాలు పిల్లల చేత కూడబలుక్కునైనా చదివించండి. తెలియని మాటకు అమ్మమ్మను, తాతయ్యను అడగమనండి. చెప్పగలిగేవారు ఇంట్లో ఉన్నప్పుడే అడగాలి.