చిన్న కాన్ఫరెన్స్‌ల ఆటగాళ్లను గుర్తించిన తీరు

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ మొదటి డివిజన్‌లో 350కి పైగా జట్లు ముప్పైకి మించిన కాన్ఫరెన్స్‌లలో (జట్ల సమూహాల్లో) ఆడతాయి. డబ్బు, టీవీ ప్రసారాలు, పేరున్న కోచ్‌లు ఐదారు పెద్ద కాన్ఫరెన్స్‌ల దగ్గరే పోగుపడ్డాయి. మిగిలినవాటిలో ఎవరైనా కుర్రాడు మ్యాచ్‌కు 25 పాయింట్లు చేస్తున్నాడంటే స్కౌట్లకు ముందుగా వచ్చే అనుమానం ఒక్కటే: అది అతని సత్తానా, ఎదుటి జట్ల బలహీనతా? ఈ అనుమానం తీర్చుకునే పద్ధతి ఏడు దశాబ్దాల్లో చాలా మారింది.

తొలి రోజుల్లో మంచి ఆటగాళ్లు మరుగున పడటానికి స్కౌట్ల పొరపాటు కన్నా జాతివివక్షే పెద్ద కారణం. దక్షిణాది పెద్ద విశ్వవిద్యాలయాలు నల్లజాతి విద్యార్థులను రానివ్వకపోవడంతో అక్కడి వాళ్ల ప్రతిభ చాలావరకు నల్లజాతి కళాశాలల్లోనే వికసించింది. 1950లో ఎన్‌బీఏ మ్యాచ్ ఆడిన తొలి నల్లజాతి ఆటగాడు ఎర్ల్ లాయిడ్ వెస్ట్ వర్జీనియా స్టేట్‌లో చదివినవాడు. 1957లో బోస్టన్ కోచ్ రెడ్ అవర్‌బాక్ నార్త్ కరోలినా సెంట్రల్‌కు చెందిన శామ్ జోన్స్‌ను ఒక్కసారీ ఆట చూడకుండా, తెలిసినవాళ్ల సిఫారసు మీదే ఎంచుకున్నాడు. ఆ జోన్స్ పది టైటిళ్లలో భాగమయ్యాడు. గ్రాంబ్లింగ్ ఆటగాడు విల్లిస్ రీడ్‌ను 1964 ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ప్రక్రియలో) రెండో రౌండ్ దాకా ఎవరూ తీసుకోలేదు. 1970లో అతనే లీగ్ అత్యుత్తమ ఆటగాడు. 1967 చివర్లో వాండర్‌బిల్ట్ తరఫున పెర్రీ వాలెస్ బరిలోకి దిగడంతో ఆగ్నేయ కాన్ఫరెన్స్ బాస్కెట్‌బాల్‌లో వర్ణవివక్ష అడ్డుగోడ కూలింది. ఆ తర్వాత నల్లజాతి కుర్రాళ్లలో మేటివాళ్లు క్రమంగా పెద్ద జట్ల బాట పట్టారు.

అప్పటికి అంచనాలు రాయడం ఒక వృత్తిగా రూపు దిద్దుకుంటోంది. హవర్డ్ గార్ఫింకెల్ హైస్కూల్ ఆటగాళ్ల మీద నివేదికలు రాసి కాలేజీ కోచ్‌లకు చందా మీద పంపేవాడు. 1966లో ఫైవ్ స్టార్ వేసవి శిబిరాన్ని ప్రారంభించాడు. శిబిరానికి వచ్చినవాడు పదిమంది కళ్లలో పడేవాడు. ఖర్చు భరించలేని, ఆలస్యంగా ఎదిగిన కుర్రాడి సంగతి పట్టించుకునే నాథుడు లేడు.

ఈ లోటును కొంతైనా పూడ్చినవాడు మార్టీ బ్లేక్. అట్లాంటా హాక్స్ జనరల్ మేనేజర్ పదవి వదిలాక ఎన్‌బీఏ జట్ల కోసం దేశంలోని మారుమూల కాలేజీలన్నీ గాలించాడు. అతను గట్టిగా చెప్పిన పేర్లలో స్కాటీ పిప్పెన్ ఒకటి. పిప్పెన్ సెంట్రల్ ఆర్కన్సాస్‌లో చేరినప్పుడు ఎత్తు 6 అడుగుల 1 అంగుళం. స్కాలర్‌షిప్ లేదు, మొదట్లో జట్టు సామాన్ల బాధ్యత చూసుకునేవాడు. చదువు ముగిసేలోగా దాదాపు ఏడంగుళాలు పెరిగాడు. గార్డుగా నేర్చుకున్న బంతి నియంత్రణ మాత్రం చేతిలోనే ఉండిపోయింది. పొడవాటి ఆటగాళ్లలో అరుదైన విద్య అది. అయినా ఆ కాలేజీ అప్పట్లో కాలేజీ క్రీడల ప్రధాన సంఘం ఎన్‌సీఏఏలో కూడా లేనందున అంకెలను ఎవరూ నమ్మలేదు. 1987లో పోర్ట్స్‌మత్ టోర్నమెంట్‌లో పెద్ద కాలేజీల ఆటగాళ్ల సరసన ఆడాకే అనుమానాలు తొలగాయి. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో ఐదో స్థానంలో ఎంపికయ్యాడు. సమాన ప్రత్యర్థుల మధ్య నిలబెట్టి చూడటమే అప్పటికి దొరికిన అత్యుత్తమ పరీక్ష.

2000ల మొదట్లో గణాంకాలు రంగంలోకి వచ్చాయి. వాతావరణ శాస్త్రజ్ఞుడు కెన్ పామరాయ్ ప్రతి జట్టుకూ 100 పొసెషన్లకు (బంతి చేతికొచ్చిన అవకాశాలకు) వచ్చే పాయింట్లను ప్రత్యర్థి బలాన్ని బట్టి సవరించి లెక్కకట్టాడు. గణాంక నిపుణుడు డీన్ ఆలివర్ 2004 నాటి పుస్తకం ఆ ఆలోచన పునాదిని బలపరిచింది. ఏ నైపుణ్యం పై స్థాయికి వెంట వస్తుందన్నది అప్పటి నుంచి సూటిగా చర్చకు వచ్చింది. దూరపు షూటింగ్, ఫ్రీ త్రోలు, పాస్ ఇచ్చే చూపు ప్రత్యర్థి మారినా చాలావరకు నిలుస్తాయి. పొట్టి డిఫెండర్ల మీద నుంచి వేసిన బుట్టలు, అలవోకగా దొరికిన రీబౌండ్లు నిలవవు.

దూరపు షూటింగ్‌తో ఎదిగిన స్టీఫెన్ కరీ కథ ఈ తేడాకు నిదర్శనం. తండ్రి ఎన్‌బీఏ ఆటగాడే అయినా బక్కపలచగా ఉన్నాడని పెద్ద కాలేజీలు స్కాలర్‌షిప్ ఇవ్వలేదు. 2006లో డేవిడ్‌సన్ తరఫున తొలి మ్యాచ్‌లో 13 సార్లు బంతి పోగొట్టుకున్నాడు. కోచ్ బాబ్ మెకిలాప్ అతన్ని పక్కన పెట్టలేదు. తర్వాతి మ్యాచ్‌లో మిషిగన్ మీద 32 పాయింట్లు వచ్చాయి. 2008లో జట్టు జాతీయ టోర్నమెంట్‌లో ఎలైట్ ఎయిట్ (చివరి ఎనిమిది జట్ల దశ) దాకా వెళ్లి కాన్సస్ చేతిలో 59-57తో ఓడింది. శరీర కొలతల మీద వేసిన అంచనాలకు ఇంతకన్నా గట్టి దెబ్బ మరొకటి లేదు.

అయితే లెక్కలకు అందాలన్నా ముందు ఆటగాడికి జట్టులో చోటు దొరకాలి. 2016లో దక్షిణ కరోలినాలో ఒక శిబిరానికి మర్రీ స్టేట్ సహాయ కోచ్ జేమ్స్ కేన్ వేరే కుర్రాణ్ని చూడటానికి వెళ్లాడు. తినడానికి ఏదైనా కొనుక్కుందామని లేస్తే పక్క జిమ్‌లో బంతి చప్పుడు వినిపించింది. అక్కడ ముగ్గురేసి ఆడుతున్నవారిలో జా మొరాంట్ ఉన్నాడు. స్టార్ రేటింగే లేని ఆ కుర్రాడు 2018-19 సీజన్‌లో మ్యాచ్‌కు సగటున 24.5 పాయింట్లు, 10 అసిస్టులు సాధించి డ్రాఫ్ట్‌లో రెండో స్థానంలో ఎంపికయ్యాడు.

2018లో కాలేజీ మారదలచిన ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ప్రారంభమైంది. 2021 నుంచి మొదటిసారి కాలేజీ మారేవారికి ఏడాది ఖాళీగా కూర్చునే నిబంధన తొలగింది. అదే ఏడాది ఆటగాళ్లకు తమ పేరు, రూపాల మీద డబ్బు సంపాదించుకునే హక్కు కూడా వచ్చింది. దాంతో చిన్న కాన్ఫరెన్స్‌లు పెద్ద జట్లకు పరీక్షాకేంద్రాలుగా మారాయి. 2025 చాంపియన్ ఫ్లోరిడాలో ముగ్గురు ప్రధాన గార్డులూ అలా వచ్చినవాళ్లే: వాల్టర్ క్లేటన్ ఐయోనా నుంచి, విల్ రిచర్డ్ బెల్మాంట్ నుంచి, అలీజా మార్టిన్ ఫ్లోరిడా అట్లాంటిక్ నుంచి. కాలేజీ స్థాయి ఆట రికార్డు చేతిలో ఉండటంతో ఊహించే పని తగ్గింది. కానీ ఆటగాణ్ని మొదట పట్టుకుని తీర్చిదిద్దిన కోచ్‌కు దక్కేది ఒకటి రెండు సీజన్లే. పెద్ద జట్లు అనుభవజ్ఞుల కోసం పోర్టల్‌ను ఆశ్రయించే కొద్దీ హైస్కూల్ నుంచి నేరుగా తీసుకునే స్థానాలు తగ్గి, ఒకప్పుడు ఆ పెద్ద జట్లకే వెళ్లగలిగిన కుర్రాళ్లు ఇప్పుడు చిన్న కాన్ఫరెన్స్‌ల తలుపు తడుతున్నారు.