కొల్లేటికి వచ్చిన విద్య

మన పెద్దల కాలమున చేపల పెంపకమనగా, వానకాలపు వరదలో నదినుండి పట్టిన పిల్లలను చెఱువులో విడిచి, పిమ్మట దైవముపై భారము వేయుటయే. బొచ్చె, రాగండి, మోసు అను మేలిజాతులు చెఱువుల నిలువనీట గ్రుడ్లు పెట్టవు. అందుచే ఏటేట నదినే యాచింపవలసి వచ్చెడిది. పట్టిన పిల్లలలో పనికిరాని జాతులును, తోడివానినే మ్రింగెడు వాలుగవంటివియును కలిసి వచ్చెడివి.

ఈ చిక్కు విడుటకు తొలిదారి సముద్రముల కావల తెరువబడినది. 1930 దశకమున బ్రెజిల్ దేశపు శాస్త్రజ్ఞులు, చేపల మెదడు క్రిందనుండు పీయూషగ్రంథి రసమును వేఱు చేపలకు సూదిద్వారా ఎక్కించి గ్రుడ్లు పెట్టింపగలిగిరి. ఆ విద్యనే మన మేలిజాతులపై ప్రయోగించి, 1957 జూలై 10వ తేదీన ఒడిశాలోని అంగుల్‌లో డాక్టరు హీరాలాల్ చౌధురి, డాక్టరు అలికున్హి గారలు విజయము సాధించిరి. నేడు మన దేశమున మత్స్యరైతుల దినోత్సవము జరుపుకొనుచున్నది ఆ తేదీననే.

బొచ్చె పైనీట, రాగండి నడినీట, మోసు అడుగున మేయును. కావున మూడింటిని ఒకే చెఱువున పెంచవచ్చును. ఈ పద్ధతి ఆంధ్రదేశమున కొల్లేటి ప్రాంతమున స్థిరపడినది. 1970 దశకమున ప్రభుత్వమచ్చట మత్స్యకారుల సహకార సంఘములకు చెఱువులు త్రవ్వించెను. 1980 దశకమున కృష్ణా, పశ్చిమగోదావరి రైతులు వరిచేలనే చెఱువులుగా మార్చిరి.

వారు వచ్చిన విద్యను వచ్చినట్లే ఉంచలేదు. వెదజల్లిన తవుడు నీటిపాలగుట చూచి, దానిని రంధ్రములుగల సంచులలో నింపి నీట వ్రేలాడగట్టిరి. చిఱుపిల్లలకు మాఱుగా ఏడాది పెరిగిన పిల్లలను విడిచిరి. మంచుతో నింపిన పెట్టెలలో కొల్లేటి చేప లారీలపై హౌరాకు పయనమయ్యెను. చేపల పెంపకమున తరతరముల పేరుగల వంగదేశమునకే ఆంధ్రుడు చేపనమ్మెను!

కాని విద్య వచ్చినంత వేగముగా వివేకము రాలేదు. చెఱువుగట్లు సరస్సు గర్భములోనికే చొచ్చి నీటిదారులను మూసివేసినవి. సంఘముల చెఱువులు పెక్కు ధనవంతుల గుత్తలోనికి పోయినవి. 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడిన కొల్లేటిలో, 2006లో ప్రభుత్వము వేలాది ఎకరముల చెఱువులగట్లను కూల్పించెను. లాభములో కొద్దిపాటి భాగమే పొందిన పేద మత్స్యకారులకు నష్టములో మాత్రము పాలు తప్పలేదు.

అదే 2006లో జాతీయ మత్స్యాభివృద్ధి మండలి హైదరాబాదున నెలకొన్నది. 2016నుండి తెలంగాణ ప్రభుత్వము ఊరిచెఱువులలో చేపపిల్లలను విడువసాగెను. కొల్లేటి అనుభవమునుండి ఇతర ప్రాంతములవారు గ్రహింపవలసినది సంచి కట్టు నేర్పు మాత్రమే కాదు. గట్టు ఎచ్చట ఆపవలెనో తెలిసికొనుటయు అందులోని పాఠమే.