ఓజుల ఇత్తడి పోతపని

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో ఓజులు అనే ఆదివాసీ శిల్పులు మట్టి, మైనం, నిప్పుతో ఇంటి ముంగిట్లోనే ఇత్తడి వస్తువులు తయారుచేసే పని ఇది. బయటి మార్కెట్లో దీన్ని డోక్రా అంటారు. ఓజులను వోజ్, ఓజా అని కూడా రాస్తుంటారు. గోండు సమాజాన్ని అంటిపెట్టుకుని ఉంటూ, వాళ్ల దేవతల సామగ్రిని, గజ్జెలను, నగలను తరతరాలుగా పోతపోసి ఇచ్చినవాళ్లు వీళ్లే. కొమురంభీం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలంలోని ఉషేగాం, అదే జిల్లాలోని కేస్లాగూడ ఈ పనికి పేరుపడ్డ ఊళ్లు. 2016 అక్టోబరు 11న ఆదిలాబాద్‌ను నాలుగు జిల్లాలుగా విడదీసేదాకా ఈ ఊళ్లూ మంచిర్యాలా ఒకే జిల్లాలో ఉండేవి. ‘ఆదిలాబాద్ డోక్రా’ పేరుతో ఈ కళకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కింది.

ఓజుల పనికి మొదటి గిరాకీ గోండుల పూజల నుంచే వచ్చింది. గోండు వంశాలు కొలిచే పెర్సాపెన్‌కు చామరం, ఇనుప బల్లెం మొన, గంటలు ఆనవాళ్లు. చామరానికి అమర్చే ఇత్తడి భాగాలు, గంటలు, దీపాలు, జంతువుల బొమ్మలు ఓజుల కొలిమి నుంచి రావాల్సిందే. దీపావళికి ముందు గోండుల దండారీ నాట్య బృందాలు మంచిర్యాల జిల్లా దండేపల్లి మండలం గుడిరేవుకు వచ్చి, గోదావరి ఒడ్డున పద్మల్‌పురి కాకో దేవతను మొక్కుతాయి. ఆ బృందాల్లో ఆడే గుస్సాడీ నర్తకుల నడుముకు, కాళ్లకు గంటలూ గజ్జెలూ లేకపోతే ఆట ఆటే కాదు. 1940ల్లో జైనూరు దగ్గరి మార్లవాయిలో ఉండి గోండుల జీవితాన్ని అధ్యయనం చేసిన క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1948లో ప్రచురించిన ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ గోండుల పూజలను తెలుసుకోవడానికి నేటికీ ఆధారగ్రంథం.

మైనంతో బొమ్మ చేసి, దాని మీద మట్టి పూసి, కాల్చి మైనాన్ని పోగొట్టి, ఆ ఖాళీలో లోహం నింపే పద్ధతి మన దేశంలో చాలా పాతది. సుమారు 4,500 ఏళ్ల నాటి మొహెంజొదారో నర్తకి బొమ్మ ఈ పద్ధతిలో పోసిందే. దాని ఎత్తు 10.5 సెంటీమీటర్లు. పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు రాసిన ‘మానసోల్లాసం’లో విగ్రహాల పోత గురించి వివరంగా ఉంది. మైనం బరువుకు ఇత్తడి ఎనిమిది రెట్లు, వెండి పన్నెండు రెట్లు, బంగారం పదహారు రెట్లు తీసుకోవాలని అందులో లెక్క కట్టి చెప్పాడు. నేటి తెలంగాణలో చాలా భాగం అప్పుడు ఆ చాళుక్యుల ఏలుబడిలోదే. ఆ లెక్క వెనక ఉన్న సూత్రం ఇప్పటికీ చెల్లుతుంది. మైనం నీటికంటే కాస్త తేలిక, ఇత్తడి నీటికి ఎనిమిదిన్నర రెట్లు బరువు. కాబట్టి అచ్చులో మైనం ఖాళీ చేసిన చోటు నిండాలంటే దాని బరువుకు దాదాపు తొమ్మిది రెట్ల ఇత్తడి కావాలి. పోత దారిలో నిలిచిపోయే లోహం దీనికి అదనం. మట్టి పూయకముందే మైనాన్ని తూచుకోవాలి. ఆ తర్వాత తూచే వీలుండదు.

గుండు, మైనం, పూత

బొమ్మ లోపల ఎంత బోలు ఉండాలో, ముందు ఆ ఆకారంలో మట్టి గుండు చేస్తారు. బంకమన్నులో ఇసుక, ఊక, పేడ కలిపి బాగా తొక్కి, మెదిపి వాడతారు. ఊక, పేడ కలపడం కేవలం గట్టిదనం కోసం కాదు. బట్టీలో అవి కాలిపోయి మట్టినిండా సన్నటి రంధ్రాలు మిగులుతాయి. ఆవిరీ వాయువులూ వాటిగుండా బయటికి పోతాయి. ఆ దారి లేకపోతే కరిగిన లోహం తగలగానే అచ్చు పగిలి చిమ్ముతుంది. గుండును నీడలోనే ఆరబెట్టాలి. ఎండలో పెడితే పైపొర ముందే బిగుసుకుని బీటలిస్తుంది.

ఆరిన గుండు మీద మైనం పని మొదలవుతుంది. తేనెమైనంలో గుగ్గిలం కరిగించి, వడగట్టి కలుపుతారు. తేనెమైనం కరిగేది 62–64 డిగ్రీల దగ్గర. మెత్తబడటం మాత్రం అంతకు చాలా ముందే మొదలవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో 45 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో ఉత్త తేనెమైనంతో చేసిన తీగ చేతిలోనే సాగిపోతుంది. గుగ్గిలం దానికి బిగువు ఇస్తుంది. చలికాలంలో అదే మిశ్రమం పెళుసై విరుగుతుంటే కాస్త నూనె కలుపుతారు. ఇలా కాలాన్ని బట్టి పాళ్లు మారతాయి కాబట్టి, ఎంతకు ఎంత అని కాగితం మీద రాసుకుని నేర్చుకునే పని కాదు ఇది. వేళ్లకు తెలియాలి.

మైనాన్ని తీగలుగా మార్చడానికి మురుకుల గొట్టంలాంటి సాధనం వాడతారు. అడుగున రంధ్రాల బిళ్ల, పై నుంచి నొక్కే కర్ర. లేదంటే చెక్క పలక మీద అరచేత్తో దొర్లించి సాగదీస్తారు. ఆ తీగలను చల్లటి నీళ్లలో వేసి, ఒక్కొక్కటే తీసి గుండు చుట్టూ పక్కపక్కనే పేరుస్తారు. నెమలి ఈక, ఏనుగు అంబారీ, గంట అంచు, కన్ను, ముక్కు అన్నీ తీగలే. ఒకటి చుడితే చుక్క, రెండు పెనవేస్తే జడ, వంచితే అల. పూర్తయిన ఇత్తడి బొమ్మ మీద వేలితో రాస్తే తగిలే గాడులు ఆ తీగల మధ్య సందులే. కరీంనగర్ ఫిలిగ్రీ పనివాళ్లు వెండి తీగలను అల్లి అతుకుతారు, ఆ తీగ వస్తువులో అలాగే ఉండిపోతుంది. ఓజులు అల్లిన తీగ కాలిపోతుంది, దాని రూపం మాత్రం ఇత్తడిలో నిలుస్తుంది. పెంబర్తి కంసాలుల రేకు పనికీ దీనికీ చుట్టరికం ఇంకా తక్కువ. అక్కడ సుత్తి దెబ్బతో బొమ్మ లేస్తుంది, ఇక్కడ బొమ్మ పుట్టేదాకా సుత్తితో పనే లేదు.

మైనం మీద వేసే మొదటి మట్టి పూత అన్నిటికన్నా ముఖ్యమైనది. మెత్తటి పుట్టమన్ను లేదా ఒండ్రును గుడ్డలో వడగట్టి, బొగ్గుపొడి, పేడనీళ్లు కలిపి, పలచగా, ఎక్కడా గాలిబుడగ నిలవకుండా పూస్తారు. ఈ పూత ఎంత సన్నగా అంటితే గీత అంత తేటగా వస్తుంది. అది ఆరాక ఊక కలిపిన ముతక మట్టి రెండు మూడు పొరలు వేసి, పెద్ద వస్తువైతే ఇనుప తీగతో కట్టు కడతారు. మైనం పోయాక లోపలి గుండు ఊగకుండా అక్కడక్కడా సన్నటి ఇనుప చీలలు గుచ్చి ఉంచుతారు. లోహం దిగడానికి ఒక దారి వదులుతారు. ఇంటిల్లిపాదీ కలిసి చేసే పని ఇదంతా. ఎక్కువ రోజులు పట్టేది కూడా ఈ దశకే.

నిప్పు

ఓజుల పనిముట్లు తక్కువ. నేలలో తవ్విన గుంతో, చుట్టూ ఇటుకలు పేర్చిన చిన్న బట్టీయో, కర్రబొగ్గు, తిత్తికి బదులు చేత్తో తిప్పే గాలి పంఖా, పట్కారు, మూస. డోక్రా పనిలో పోత రెండు రకాలు. ఒకదాంట్లో అచ్చును కాల్చి మైనం వంపేసి, మూసలో కరిగించిన ఇత్తడిని ఎర్రగా ఉన్న అచ్చులోకి పోస్తారు. రెండోదాంట్లో ఇత్తడి ముక్కలు నింపిన మట్టి గిన్నెను అచ్చుకే అతికి, మొత్తాన్ని ఒక్క ముద్దగా మూసేస్తారు. గిన్నె కిందికి ఉండేలా బట్టీలో పెట్టి కాల్చి, లోహం కరిగాక పట్కారుతో తీసి తలకిందులు చేస్తారు. ఇత్తడి తనంతట తానే అచ్చులోకి దిగుతుంది. గాలి తగలదు కాబట్టి లోహం తక్కువగా కాలుతుంది. కాకపోతే లోపల ఏం జరుగుతోందో కంటికి కనపడదు. మంట చివర ఆకుపచ్చ ఛాయ తొంగిచూడటమే ఇత్తడి కరిగిందనడానికి గుర్తు.

ఇత్తడి దాని పాళ్లను బట్టి 900 నుంచి 940 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పోతకు ఇంకాస్త వేడి కావాలి. అచ్చు చల్లగా ఉంటే నెమలి తురాయిలాంటి సన్నటి చోట్లకు చేరకముందే లోహం గడ్డకడుతుంది. అచ్చులో తడి మిగిలితే ప్రమాదం అంతకన్నా పెద్దది. పోశాక గంటల తరబడి చల్లారనిచ్చి, మట్టిని పగలగొట్టి, పోత దారిని రంపంతో కోసి, ఆకురాయితో రాచి, చింతపండుతో తోముతారు. ఒక అచ్చు నుంచి ఒక్కటే వస్తువు. పోత చెడితే మైనం దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

ఈ పనిలో ఒంటికి జరిగే హాని గురించి తగినంతగా మాట్లాడుకోవడం లేదు. ఇత్తడిలోని జింకు 907 డిగ్రీలకే ఆవిరవుతుంది. పోసేటప్పుడు లేచే తెల్లటి పొగ అదే. దాన్ని పీల్చినవాళ్లకు కొన్ని గంటల్లో చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు పట్టుకుంటాయి. పాత ఇత్తడి సామాన్లలో సీసం కూడా ఉంటుంది. బట్టీ ఆరుబయట, గాలివాటుకు ఒక పక్కన ఉండాలి. పిల్లలను పోత దగ్గరికి రానివ్వకూడదు. లోహపు పొగను ఆపే మాస్కులు, తోలు చేతితొడుగులు ఇవ్వడం శిక్షణ శిబిరాలు పెట్టే సంస్థలు మొదట చేయాల్సిన పని.

ఇంటి బట్టీలో గాజు పోత

ఇళ్లలో చిన్న కరెంటు బట్టీ పెట్టుకుని గాజుతో బొమ్మలు చేసే అలవాటు ప్రపంచమంతటా ఉంది. అందులోని గాజు పోతకు మూలం ఓజులు వాడే పద్ధతే. ఫ్రాన్స్‌లో రెనె లాలిక్ తన గాజు పాత్రల్లో కొన్నిటిని మైనం కరిగించే అచ్చుల్లోనే చేశాడు. మైనం బొమ్మ చుట్టూ మట్టికి బదులు ప్లాస్టర్ ఆఫ్ పారిస్, సిలికా పొడి సమానంగా కలిపి పోస్తారు. ఆవిరి పట్టి మైనాన్ని వంపేసి, అచ్చు నోటి పైన పూలకుండీలాంటి పాత్రలో గాజు ముక్కలు నింపి బట్టీలో పెడతారు. ఇక్కడా తూకమే ఆధారం. గాజు నీటికి రెండున్నర రెట్లు బరువు కాబట్టి మైనం బరువుకు దాదాపు 2.6 రెట్ల గాజు తీసుకోవాలి. ఇంట్లో 230 వోల్టుల, 16 ఆంపియర్ల ప్లగ్గుకు సుమారు మూడున్నర కిలోవాట్ల బట్టీ దాకా పెట్టుకోవచ్చు. వేడిని కొలిచే థర్మోకపుల్, డిగ్రీలూ గంటలూ నడిపించే కంట్రోలర్ లేకుండా గాజు జోలికి పోకపోవడం మంచిది.

గాజుకు ఇత్తడికంటే వేడి తక్కువ చాలు. 830–850 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచితే అచ్చులోకి నెమ్మదిగా జారుతుంది. అసలు పరీక్ష చల్లార్చడంలో. ఇత్తడి లోపలి బిగువును తట్టుకుంటుంది, గాజు తట్టుకోలేదు, పగులుతుంది. పోత గాజుల్లో చాలావాటిని 480–520 డిగ్రీల దగ్గర, కిటికీ అద్దాన్ని 550 దగ్గర గంటల తరబడి నిలిపి, ఆపైన గంటకు కొద్ది డిగ్రీల చొప్పున దించాలి. పిడికిలంత ముక్కకు ఒక రోజు పైనే పడుతుంది. సీసా ముక్కలూ అద్దం ముక్కలూ కలిపి కరిగించకూడదు. వేడికి ఒక్కో గాజు ఒక్కో పాళ్లలో వ్యాకోచిస్తుంది, చల్లారాక ఆ అతుకు దగ్గరే చీలుతుంది. సిలికా పొడి ఊపిరితిత్తులను పాడుచేస్తుంది కాబట్టి అచ్చు కలిపేటప్పుడు ఎన్95 మాస్కు తప్పనిసరి. మంచిర్యాలలోనో కరీంనగర్‌లోనో గాజు బట్టీ పెట్టాలనుకునేవాళ్లు వీడియోలు చూసి అచ్చు పని నేర్చుకునే ముందు ఉషేగాం వెళ్లి నాలుగు రోజులు ఓజుల పక్కన కూర్చోవడం మేలు. బట్టీ డబ్బుతో దొరుకుతుంది. మైనం ఎక్కడ పలచగా ఉండాలో, గాలి ఎటు పోవాలో చెప్పగల చెయ్యి మార్కెట్లో దొరకదు.

కొనేవారికి

ఇత్తడి, తేనెమైనం, బొగ్గు మూడూ కొని తెచ్చుకోవాల్సినవే. యంత్రాల మీద చేసిన గంటలు, బొమ్మలు సంతల్లో చౌకగా దొరుకుతుంటే ఇంత శ్రమకు తగిన ధర రావడం కష్టమవుతోంది. అసలైన ఓజు పనిని గుర్తుపట్టడం కష్టం కాదు. రెండు సగాల అచ్చులో పోసిన వస్తువుకు పక్కన నిలువునా అతుకు గీత ఉంటుంది, దీనికి ఉండదు. ఉపరితలం మీద తీగ వరసలు కనిపిస్తాయి. అడుగున చూస్తే కాలిన నల్లమట్టి గుండు ఇంకా అంటి ఉంటుంది. ఒకే మనిషి చేసిన రెండు నెమళ్లు కూడా ఒకేలా ఉండవు. ఇత్తడిని తూచి ధర కట్టే అలవాటు ఈ పనికి అన్యాయం చేస్తుంది, ఎందుకంటే ఇందులో ఎక్కువ రోజులు పట్టింది కరిగిపోయిన మైనానికి, పగలగొట్టిన మట్టికి. వీలైనంతవరకు ఉషేగాం, కేస్లాగూడల్లో చేసినవాళ్ల దగ్గరే కొనండి, కిలో లెక్కన బేరమాడకండి.