ఫౌజీ అనుభవం సివిల్ రెజ్యూమేలో ఎలా రాయాలి? హోదా చాలదు, చేసిన పని చెప్పాలి

సైన్యం నుంచి పెన్షన్ మీద ఇంటికొచ్చే జవాను వయసు చాలాసార్లు 35, 40 మధ్యే ఉంటుంది. పిల్లలు ఇంకా స్కూల్లోనే ఉంటారు, ఇంటి లోను సగం కూడా తీరదు. పెన్షన్ ఒక్కదాంతో సంసారం గడవదు కాబట్టి రెండో ఉద్యోగం చూసుకోవాల్సిందే. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. పదిహేడేళ్లు చేసిన పనిని కాగితం మీద పెట్టమంటే "హవల్దార్, ఇన్‌ఫాంట్రీ, 17 సంవత్సరాలు, సత్ప్రవర్తన" అని ఒక్క వరుసలో తేల్చేస్తారు. అది చూసిన ఆఫీసు వాళ్లకు తట్టేది ఒక్కటే: సెక్యూరిటీ గార్డు.

గార్డు పని తక్కువదేమీ కాదు. కానీ ముప్పై మందిని నడిపించిన మనిషి, స్టోరు మొత్తానికి లెక్క అప్పజెప్పిన మనిషి గేటు దగ్గర డ్యూటీకి కుదిరిపోతే, ఆ జీతం తేడా నెలనెలా ఇంటికే నష్టం.

హోదాతో వచ్చే తికమక

సైన్యంలో కంపెనీ అంటే సుమారు 100 నుంచి 120 మంది ఉండే దళం. ఉద్యోగం ఇచ్చేవాళ్లకు కంపెనీ అంటే వ్యాపార సంస్థ. "కంపెనీ హవల్దార్ మేజర్" అని రాస్తే కొందరికి అసలు అర్థం కాదు, ఇంకొందరు "మేజర్" అన్న మాట చూసి ఆఫీసర్ అనుకుంటారు. ఇంటర్వ్యూలో సంగతి తెలిశాక, తప్పు రాశాడేమోనని అనుమానపడతారు.

1965 యుద్ధంలో ఖేమ్‌కరణ్ సెక్టార్‌లో శత్రు ట్యాంకులను ధ్వంసం చేసి అమరుడైన అబ్దుల్ హమీద్ పేరు ముస్లిం ఇళ్లలో తెలియనివాళ్లు తక్కువ. ఆయనకు పరమ్ వీర్ చక్ర వచ్చిందనీ తెలుసు. ఆయన హోదా కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్. ఆ హోదాలో ఉన్నవాళ్ల రోజువారీ పని ఏమిటని అడిగితే మాత్రం చాలామంది చెప్పలేరు. కంపెనీకి కావలసిన రేషన్, బట్టలు, సామాను, మందుగుండు తెప్పించడం, పంచడం, ప్రతిదానికీ లెక్క ఉంచడం ఆ పని. బయటి భాషలో చెప్పాలంటే స్టోర్స్ ఇన్‌చార్జి. ఇంత పేరున్న హోదాకే అర్థం చెప్పాల్సి వస్తే, మామూలు జవాను రెజ్యూమే సంగతి చెప్పక్కర్లేదు.

ఏ పనిని ఏమని రాయాలి?

సెక్షన్ కమాండర్: సుమారు పది మంది టీమ్‌కు లీడర్.

ప్లాటూన్ హవల్దార్: సుమారు ముప్పై మంది డ్యూటీ, సెలవులు, క్రమశిక్షణ చూసుకున్న సూపర్‌వైజర్.

స్టోర్ కీపర్: గోదాము, స్టాక్ రిజిస్టర్, వార్షిక తనిఖీ, ఇండెంట్ల అనుభవం. వేర్‌హౌస్, ఈ-కామర్స్ గోదాములు, ఆసుపత్రి స్టోర్లలో పనికొస్తుంది.

క్లర్క్: సర్వీసు రికార్డులు, సెలవులు, జీతాల కాగితాలు, ఉత్తర ప్రత్యుత్తరాలు. ఆఫీస్ అడ్మినిస్ట్రేషన్ ఉద్యోగాలకు సరిపోతుంది.

డ్రైవర్: ఏ రకం బండ్లు, ఎన్ని కిలోమీటర్లు, కొండ దారుల్లో ఎన్నేళ్లు, కాన్వాయ్ బాధ్యత ఉందా అన్నవి రాయాలి. ఆర్టీఓ ఇచ్చిన సివిల్ హెవీ లైసెన్సు చేతిలో ఉంటే ఆ మాట పైనే రాయాలి.

సిగ్నల్స్: రేడియో సెట్లు, కేబుల్, ఎక్స్ఛేంజ్ నిర్వహణ. టెలికాం, నెట్‌వర్క్ మెయింటెనెన్స్ వైపు వెళ్లొచ్చు.

ఈఎంఈ మెకానిక్: డీజిల్ ఇంజన్లు, జనరేటర్లు, బండ్ల రిపేరు. ఏవేవి సొంతంగా విప్పి బిగించారో రాయాలి.

నర్సింగ్ అసిస్టెంట్: రోగుల సేవ, అత్యవసర చికిత్స, అంబులెన్స్ అనుభవం. అయితే నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ లేకుండా "స్టాఫ్ నర్సు" అని రాసుకోకూడదు.

ఇన్‌ఫాంట్రీ వాళ్లు "మాకు రైఫిల్ తప్ప ఏం రాదు" అంటుంటారు. అడిగితే చాలానే బయటపడుతుంది: మెస్ లెక్కలు చూశారు, కొత్తవాళ్లకు శిక్షణ ఇచ్చారు, వరదల్లో జనాన్ని తరలించారు, నైట్ డ్యూటీ రోస్టర్ వేశారు. ఇవన్నీ రెజ్యూమేలోకి రావాల్సినవే.

ఇంట్లోవాళ్లు అడగాల్సిన ప్రశ్నలు

రెజ్యూమే టైపు చేసేది ఎక్కువగా భార్యో, తమ్ముడో, డిగ్రీ చదివే కూతురో. "డ్యూటీ చేశాను, అంతే" అన్న జవాబు దగ్గర ఆగిపోవద్దు. ఇవి అడగండి: మీ కింద ఎంతమంది ఉండేవారు? మీకు ఏ సామాను అప్పజెప్పారు? లెక్క ఎవరికి చూపేవారు? తేడా వస్తే జవాబు ఎవరు చెప్పాలి? మీరు ఎవరికి, ఏం నేర్పారు? ఏ కోర్సులు పాసయ్యారు?

ఈ జవాబుల్లోంచి వచ్చే అంకెలే రెజ్యూమేకు బలం. "స్టోర్ డ్యూటీ చేశాను" అనే బదులు "120 మందికి సరిపడా సామానుకు నాలుగేళ్లు లెక్క చూశాను, తనిఖీల్లో తేడా రాలేదు" అంటే వినేవాళ్లకు మనిషి విలువ తెలుస్తుంది. అయితే నిజంగా జరిగిందే రాయాలి. డిశ్చార్జ్ బుక్కుతో సరిపోలని మాట ఒక్కటున్నా మిగతావీ నమ్మరు.

వరుస ఇలా ఉంటే మేలు: పైన కోరుకునే ఉద్యోగం, తర్వాత అంకెలతో చేసిన పనులు, ఆపైన కోర్సులు, చదువు, చివర హోదా, సర్వీసు కాలం. పతకాలు ఒక్క వరుసలో చాలు. మొత్తం రెండు పేజీలు దాటకూడదు.

యూనిట్ ఎక్కడ ఉంది, ఏ పోస్టులో ఎన్ని ఆయుధాలు ఉన్నాయి వంటివి ఎక్కడా రాయకూడదు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం రిటైరైనవాళ్లకూ వర్తిస్తుంది. "సరిహద్దు ప్రాంతంలో పనిచేశాను" అంటే చాలు.

పేరు స్పెల్లింగ్ కూడా ముందే చూసుకోవాలి. తెలుగు ముస్లిం ఇళ్లలో ఇది మామూలు సమస్య. సర్వీసు రికార్డులో "ఎస్.కె.", ఆధార్‌లో "షేక్", పాస్‌పోర్టులో మరో స్పెల్లింగ్ ఉంటాయి. గల్ఫ్ ఉద్యోగానికి వెళ్లేటప్పుడు ఈ తేడా అడ్డం పడుతుంది. సర్వీసులో ఉండగానే యూనిట్ ద్వారా సరిచేయించుకోవడం సులువు.

చట్టం ఇచ్చే ఆసరా

సెక్యూరిటీ రంగానికే వెళ్లాలనుకుంటే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 2005 నాటి ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం ప్రకారం, సూపర్‌వైజర్లను పెట్టుకునేటప్పుడు సైన్యంలో కనీసం మూడేళ్లు చేసినవాళ్లకు ప్రాధాన్యం ఇవ్వాలి. కాబట్టి దరఖాస్తులో "గార్డు" అని కాక "సూపర్‌వైజర్" అనే రాయండి.

ప్రభుత్వ ఉద్యోగాల దారి వేరు. కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సీ పోస్టుల్లో మాజీ సైనికులకు 10 శాతం, ప్రభుత్వ రంగ సంస్థలు, బ్యాంకుల్లో ఆ స్థాయి పోస్టుల్లో 14.5 శాతం కోటా ఉంది. పదో తరగతి పాసై 15 ఏళ్లు సర్వీసు చేసినవాళ్లను, డిగ్రీ అడిగే కొన్ని గ్రూప్ సీ పోస్టులకు అర్హులుగా చూస్తారు. ప్రైవేటు సంస్థలకు ఈ నియమం వర్తించదు. రక్షణ శాఖ కింద ఉండే డీజీఆర్, అంటే పునరావాస డైరెక్టరేట్ జనరల్, రిటైర్ కాబోయేవాళ్లకు కోర్సులు నడుపుతుంది. వివరాలు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో తెలుస్తాయి.

అగ్నివీరుల ఇళ్లలో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. 2022లో వచ్చిన ఈ పథకంలో సర్వీసు నాలుగేళ్లే. ఆ తర్వాత రెగ్యులర్‌గా తీసుకునేది 25 శాతం వరకే. మిగతావాళ్లకు సేవానిధి డబ్బు, నైపుణ్య సర్టిఫికెట్ వస్తాయి గానీ పెన్షన్ రాదు, మాజీ సైనికుల హోదా ఉండదు. వాళ్ల వయసు అప్పటికి పాతికేళ్ల లోపో, కాస్త అటూ ఇటూనో ఉంటుంది. అందుకే సెలవు మీద వచ్చిన ప్రతిసారీ చేసిన పని, నేర్చిన కోర్సు, తేదీ ఒక నోట్‌బుక్కులో రాసిపెట్టమని పెద్దవాళ్లు చెప్పాలి. నాలుగేళ్ల తర్వాత గుర్తు తెచ్చుకుని రాద్దామంటే సగం మరిచిపోతారు.