ముప్పై నమూనాలు, ఒక్క రాట్నం

పామర్రు సెంటర్లో బస్సు దిగి చల్లపల్లి దారి పడితే కూచిపూడి తగులుతుంది. ఆ చుట్టుపక్కలదే భట్లపెనుమర్రు, జాతీయ జెండాకు నమూనాలు గీసిన పింగళి వెంకయ్య పుట్టిన ఊరు. ఏటా ఆయన పుట్టినరోజు ఆగస్టు 2న ఆయన విగ్రహాలకు దండలు పడతాయి. మర్నాడు జిల్లా పేజీలో ఫొటోలు పడతాయి. ఫొటో కింద దండ వేసినవాళ్ల పేర్లుంటాయి. దండ వేయించుకున్న పెద్దమనిషి ఒక సంగతిని నలుగురి చెవిన వేయడానికి ఎన్నేళ్లు తిరిగాడో మాత్రం ఉండదు.

వెంకయ్య బందరు జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పేవారు. 1916లో ఒక పుస్తకం అచ్చువేశారు. అందులో వివిధ దేశాల జెండాల ముచ్చట్లు, మన దేశానికి ఒక జెండా ఉంటే ఎలా ఉండాలో చూపే ముప్పై నమూనాలు ఉన్నాయి. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే అది పూర్తిస్థాయి ప్రెస్‌కిట్. పంపడానికి ఊరూ మంచిదే. బందరు అప్పటికే పత్రికల ఊరు. 1902లో కృష్ణాపత్రిక పుట్టింది అక్కడే. 1907 నుంచి ముట్నూరి కృష్ణారావు దాని సంపాదకుడు. 1919లో పట్టాభి సీతారామయ్య ఇంగ్లీషులో జన్మభూమి వారపత్రిక మొదలుపెట్టిందీ అక్కడే. అయినా వెంకయ్య పుస్తకం చేతిలో పట్టుకుని కాంగ్రెస్ సభ ఎక్కడ జరిగితే అక్కడికి వెళ్లారు. ఒకసారి కాదు, నాలుగేళ్లు.

ఈ మాట మనం అభిమానం కొద్దీ చెప్పుకునేది కాదు. 1921 ఏప్రిల్ 13 నాటి యంగ్ ఇండియాలో గాంధీజీయే రాశారు. వెంకయ్య పట్టుదలను మెచ్చుకున్నారు, అంతలోనే ఆ నమూనాలు తనను కదిలించలేదనీ, జాతిని కదిలించే గుణం వాటిలో కనబడలేదనీ నిర్మొహమాటంగా తేల్చారు. చప్పున మనసుకు పట్టిన సలహా ఇచ్చింది మాత్రం జలంధర్‌కు చెందిన లాలా హన్స్‌రాజ్. స్వరాజ్య జెండా మీద రాట్నం ఉండాలన్నాడాయన. దండలు వేసేటప్పుడు ఈ ముక్క చెప్పుకోవడానికి మనకు కాస్త ఇబ్బంది. నాకైతే మొత్తం కథలో ఇదే అసలు ఘట్టం అనిపిస్తుంది.

ముప్పై బొమ్మలు చేయలేని పని ఒక్క రాట్నం ఎలా చేసింది? తేదీ చూడండి. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ కూర్చుంది. జూన్ నెలాఖరుకు తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటిమంది సభ్యులు, ఇళ్లలో ఇరవై లక్షల రాట్నాలు: అక్కడి తీర్మానం ఇది. అంటే ఆ వారం దేశమంతటా రాట్నమే వార్త. హన్స్‌రాజ్ చెప్పిన మాట ఆ వార్తకు అతుక్కుని వచ్చింది. వెంకయ్య నమూనాలు ఎంత శ్రమపడి గీసినవైనా, ఫలానా రోజునే చూసి తీరాలనిపించే కారణం వాటిలో లేదు. పైగా ముప్పై ఇస్తే ఎంచుకునే భారం చూసేవాడి నెత్తిన పడుతుంది. డెస్కు మీద కూర్చున్నవాడికి అంత తీరిక ఎప్పుడూ ఉండదు, అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

బెజవాడలో గాంధీజీ వెంకయ్యనే పిలిచి, ఎరుపు ఆకుపచ్చల మీద రాట్నంతో బొమ్మ గీసి ఇమ్మన్నారు. మూడు గంటల్లో జెండా చేతికొచ్చింది. నాలుగేళ్ల సరుకు బుర్రలో సిద్ధంగా ఉన్నవాడు కనుక మూడు గంటలు చాలాయి. అయినా కమిటీ ముందు పెట్టడానికి కాస్త ఆలస్యమైపోయింది! ఆ ఆలస్యమే మంచిదైందని గాంధీజీ రాసుకున్నారు. ఆ వ్యవధిలో మిగతా మతాలవారికీ చోటుండాలని తోచి తెలుపు చేర్చారు. గడువు దాటినా మేలు జరిగిన సందర్భం పత్రికల చరిత్రలో బహుశా ఇదొక్కటే. దీన్ని చూసి ఎవరూ ధైర్యం తెచ్చుకోకూడదు.

వెంకయ్య పుస్తకాన్ని ప్రెస్‌కిట్ అన్నాం కదా, పత్రికా ప్రకటన అనే సరుకు అప్పటికే అమెరికాలో బజారున పడింది. 1906 అక్టోబర్ 28న అట్లాంటిక్ సిటీ దగ్గర పెన్సిల్వేనియా రైల్‌రోడ్ వారి రైలు వంతెన మీంచి నీళ్లలో పడి 50 మందికి పైగా పోయారు. నిజం కప్పిపెట్టడం రైలు కంపెనీల అలవాటు. ఐవీ లీ అనే సలహాదారు, జరిగింది మనమే రాసిద్దాం, విలేకరులను మనమే చోటుకి తీసుకెళదామని కంపెనీని ఒప్పించాడు. ఆ కాగితాన్ని న్యూయార్క్ టైమ్స్ ఉన్నదున్నట్టు అచ్చువేసింది. తొలి ప్రెస్‌నోట్ ఇదేనని చాలామంది అంటారు. అది నెగ్గిందంటే పత్రికకు ఆ రోజు కావలసిన సమాచారం అందులో ఉండబట్టే. కంపెనీ గొప్పలు కాదు.

మన దగ్గర ఈ కాగితానికి గిరాకీ తెచ్చింది పామర్రు పొరుగునే ఉన్న పెదపారుపూడి మనిషి. రామోజీరావు 1974లో విశాఖలో ఈనాడు పెట్టారు, 1989లో జిల్లా పేజీలు విడిగా తెచ్చారు. అప్పటిదాకా మండల కేంద్రం వార్త పేపర్లో పడాలంటే హత్యో, తుఫానో జరగాలి. ఆ తర్వాత కాలవ గట్టు తెగినా వార్తే. లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన లైన్ల లెక్కన డబ్బు తీసుకుని పనిచేసే కంట్రిబ్యూటర్లు వచ్చారు. రాసింది కవరులో పెట్టి సాయంత్రం బెజవాడ బస్సు డ్రైవరు చేతికిచ్చేవారు. బస్సు పోతే వార్త పోయినట్టే. తర్వాత ఫ్యాక్స్, ఇప్పుడు వాట్సాప్.

మారనిది ప్రెస్‌నోట్. మామూలుగా వచ్చే రైతుసంఘం నోట్ ఒకటి ఊహించుకోండి. పైన లెటర్‌హెడ్, ఇద్దరు నాయకుల ఫొటోలు. సమావేశం ఘనంగా జరిగిందని మొదటి వాక్యం. అధ్యక్షుడు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, ఇలా పద్నాలుగు పేర్లు. అందరూ ప్రసంగించారు. అన్నిటికంటే కింద, పలువురు పాల్గొన్నారు అనే మాటకు ముందు, శివారు పొలాలకు పది రోజులుగా నీరందక నారుమళ్లు ఎండుతున్నాయని ఒక ముక్క ఉంటుంది. సబ్ ఎడిటర్ ఓపికున్నవాడైతే ఆ ముక్కను పైకి లాగి, ఏ కాలవ, ఎన్ని ఎకరాలు అని ఫోన్ చేస్తాడు. ఫోన్ ఎత్తకపోతే పక్కన పెట్టేస్తాడు. ఓపిక లేనివాడైతే రెండు పేర్లు ఉంచి నాలుగు లైన్లు కొడతాడు. నీళ్ల సంగతి గాలికి పోతుంది.

ఇలాంటి నోట్ రాసేవాళ్లకు ఒక మాట: ఎండిన మడే మీ రాట్నం. దాన్ని మొదటి వాక్యంలో పెట్టండి. కాలవ పేరు, ఎకరాలు, రోజులు అంకెల్లో రాయండి. పద్నాలుగు పేర్లలో రెండు చాలు, మిగతా పన్నెండు మందికి టీ ఇచ్చి సర్దిచెప్పుకోండి. సాయంత్రం అయిదు లోపు పంపండి. కింద రాసే సెల్ నంబరు రాత్రి ఎనిమిదింటికి కూడా ఎత్తేవాళ్లదై ఉండాలి.